ఎలుగొడ్డు కనబడేదాకా పస్తు

మా అత్తగారింట్లో ప్రయాణమంటే దేవుడి దగ్గరికే. నా పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో ఉరుకుందకు ఎన్నిసార్లు పోయామో నాకే గుర్తులేదు. మంత్రాలయం ఏడాదికి రెండుసార్లు తప్పదు. దేవుడి పని కాకుండా ఈ ఇంటివాళ్ళతో నేను ఊరు దాటింది ఒక్కసారే, అదీ మొన్న డిసెంబరులో ఒక ఆదివారం. పోయింది ఎలుగుబంట్లను చూడటానికి. తీరా చూస్తే దానికీ కొబ్బరికాయలు, కర్పూరం మోసుకుపోయాం. దరోజి కొండల వైపు ఇంకా పోనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దారి కోసం నన్ను నమ్ముకోవద్దు, ఫోనులో చూసుకోండి.

ఎలుగుబంటి ఎందుకో ముందు చెప్పాలి. మా అత్త పేరు ఉరుకుందమ్మ. డెబ్బై దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆదోనిలో కంటి డాక్టరు లైటు వేసి చూసి, బాగా ముదిరాయి, ఇంక ఆలస్యం చేయొద్దు అన్నాడు. ఆయన ఆ మాట అని ఏడాదయింది. ఈ ఏడాదిలో మా అత్త ఉప్పనుకుని చారులో చక్కెర వేసింది. నా బడి సంచిని పిల్లి అనుకుని కట్టెతో అదిలించింది. గ్యాసు బండ తెచ్చిన మనిషిని కొడుకనుకుని "అన్నం తింటివా నాయనా" అని చెయ్యి పట్టుకుంది. అతను పాపం తినలేదని నిజమే చెప్పాడు, కూర్చోబెట్టి పెట్టాల్సి వచ్చింది. అయినా సరే, ఆపరేషన్ మాటెత్తితే చాలు, "ఉండే సూపు గూడ పోతే ఎవరిస్తారు? నువ్విస్తావా?" అని నా మీదికే వచ్చేది.

కార్తీకమాసం దాటాక ఒకరోజు తనంతట తానే దిగివచ్చింది, ఒక షరతు మీద.

"ఒకపారి నాకు ఎలుగొడ్డును సూపిచ్చండి. అది సూసినాక నా కండ్లు కోసుకుంటారో ఏం జేసుకుంటారో మీ ఇష్టం. సూపియ్యకపోతే మాత్రం ఆ డాకటరు మొగం గూడ సూడను."

ఆమె పుట్టింది చిప్పగిరి దగ్గర పల్లెలో. తొమ్మిదేళ్ళప్పుడు ఒక వేకువన వాళ్ళ శనగచేన్లోకి ఎలుగుబంటి వచ్చిందట. ఊరు ఊరంతా లేచి పరిగెత్తి చూసింది. మా అత్త ఒక్కతే దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయింది. వాళ్ళన్న ఈ అరవై ఏళ్ళుగా ఏ పెళ్ళిలో కనబడినా పదిమందిని పిలిచి, "మా ఉరుకుంది ఉండాది సూడు, ఎలుగొడ్డొచ్చినా లేయని మనిషి" అని చెప్పి నవ్విస్తాడు. ఆయనకిప్పుడు ఎనభై. ఆ మాట చెప్పకుండా ఆయన పప్పన్నం ముట్టడు.

జూలో చూపిస్తానని మా ఆయన అన్నాడు. "బోన్లో ఏసింది సూస్తే సూసినట్టా? మా యన్న ఒప్పుకుంటాడా?" అని కొట్టిపారేసింది.

మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపుంది. అక్కడికొచ్చిన బళ్ళారి మనిషొకడు దరోజి కొండల సంగతి చెప్పాడట: అక్కడ బోన్లు లేవు, కొండల్లో వాటంతట అవే తిరుగుతుంటాయి, బండల మీద బెల్లం పూస్తే రోజూ దిగి వస్తాయి అని. రోజూ వస్తాయన్న మాట ఒక్కటే మా ఆయన చెవిలో పడింది. ఏ వేళకు వస్తాయి, మనం ఎంత దూరంలో నిలబడాలి అని అడగలేదు. నేను బళ్ళో లెక్కల టీచర్ని. కాలం, దూరం లెక్కలు పిల్లల చేత రోజూ చేయిస్తాను. నేనూ అడగలేదు.

ఆదోని: కారు కదలక ముందే

ముందురోజు సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చాను. గురెళ్ళ పొడి, వంకాయ కూర, చిత్రాన్నం, పెరుగన్నం, పిల్లల కోసం ఓళిగలు, అంటే బొబ్బట్లు. పదిమందికి సరిపోయేంత చేసి సంచులకు సర్దుతుంటే మా అత్త వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఇయన్నీ దర్శనమైనాక."

"ఏం దర్శనం అత్తా?"

"ఎలుగొడ్డు దర్శనం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఈ ఇంట్లో ఒక ఆచారముంది: యాత్రకు బయల్దేరితే దర్శనమయ్యేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. నీళ్ళు తాగొచ్చు. టీ మీద ఒకప్పుడు తగువుండేదట, మా మామ బతికున్న రోజుల్లో టీ కూడా నీళ్ళ కిందికే వస్తుందని తీర్పిచ్చి పుణ్యం కట్టుకున్నాడు. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మా ఇంట్లో కడుపు నిండితేనే కాలు కదిలేది. మా నాయన బస్సెక్కే ముందొకసారి, దిగినాక ఒకసారి తినేవాడు. దేవుడికి కూడా తిన్న నోటితోనే దండం పెట్టేవాడు. దేవుడు ఏనాడూ తప్పు పట్టలేదు.

"అత్తా, అది అడివి జంతువు. దానికి ఉపవాసమేంది?"

"మరి జాంబవంతుడెవరే? రాముని పక్కన నిలబడినోడు. ఆయప్ప జాతే గదా ఇది. ఆ కొండలు గూడ కిష్కింధ పక్కనే అంట."

"అట్లయితే కోతి కనబడినప్పుడల్లా పస్తుండాల్సిందే. మన మిద్దె మీదికి రోజూ వస్తాయి."

"నువ్వు తిను తల్లీ. నిన్నెవరు వద్దన్యారు? నేనైతే ముట్టను."

ఈ మాటుంది చూశారూ, ఇది మా అత్త బ్రహ్మాస్త్రం. నిన్నెవరు వద్దన్నారు అంటుంది. ఆమె నోరు కట్టుకుని కూర్చుంటే ఎదురుగా కూర్చుని రొట్టె తుంచగలిగే మొనగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. పొద్దున తొమ్మిదికల్లా చూసేస్తాం, తొమ్మిదిన్నరకు తింటాం అనుకుని నేనూ ఊరుకున్నాను.

వేకువన ఐదింటికి కారొచ్చింది. కారు మా వీధిలోనే ఉండే మహబూబన్నది, తోలేదీ ఆయనే. సంగతి విని స్టీరింగు మీద చెయ్యేసుకుని నవ్వాడు.

"రంజాన్ల రోజా ఉంటాం టీచరమ్మా. ఎలుగొడ్డు కోసరం రోజా ఉండేది నా జిందగీలో ఇదే ఫస్టు."

"నువ్వు తిను మహబూబూ, నీకేం పట్టింపు లేదు," అంది మా అత్త.

"నువ్వు పస్తుంటే నేను యాడ తినేది పెద్దమ్మా," అని అతను కూడా చిక్కుకుపోయాడు.

మాకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది స్ఫూర్తి, పదేళ్ళు. చిన్నది హాసిని, ఆరేళ్ళు, వాళ్ళవ్వ కొంగు వదలని పిల్ల. హాసిని ఫోనులో బొమ్మలు చూసి చూసి పాండాల దగ్గరికి పోతున్నామని వారం నుంచి బడంతా చాటింది. కారెక్కాక అడిగింది, "నాయనా, నల్లగ తెల్లగ ఉంటాదా?"

"నల్లగానే ఉంటాది తల్లీ. తెలుపు ఉండదు."

పిల్ల పెదవి వంకర తిరిగింది. మహబూబన్న వెనక్కి చూసి, "తెలుపు ల్యాకుంటే మనం సున్నం పూస్తాం లే పాపా," అన్నాడు. ఆ మాటతో ఊరు దాటగలిగాం.

ఆలూరు: టైరు పరీక్ష

ఆలూరు చేరేసరికి తెల్లగా తెల్లవారింది. రోడ్డు పక్కన బండి మీద ఒకామె ఉగ్గాని కలుపుతోంది. తడిపి పిండిన బొరుగులు, మీద పప్పుల పొడి, నిమ్మకాయ, పక్క పెనంలో మిరపకాయ బజ్జీలు బుసబుసా పొంగుతున్నాయి. ప్లేటు నలభై, రెండు బజ్జీలతో. ఆ వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది.

మహబూబన్న బండి పక్కనే కారాపాడు. "టైరు చూడాల," అని దిగాడు. మా ఆయన కూడా, "ఔను, టైరు చూడాల్సిందే," అని దిగాడు. ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని పెనం వైపు తిరిగి నిలబడ్డారు. ఉగ్గాని ఆమె అడిగింది, "ఎన్ని ప్లేట్లన్నా?"

"ఏం వద్దమ్మా. టైరు చూస్తాండాం," అన్నాడు మా ఆయన.

"టైరు నీ ఎనకల ఉండాది గదన్నా."

ఆ సందులో నేను పిల్లల్ని బాత్రూముకని పక్కకు తీసుకుపోయి బిస్కెట్ పొట్లం విప్పాను. తప్పే, ఒప్పుకుంటాను, కానీ నేను ఎమ్మిగనూరు దాన్ని. స్ఫూర్తి గబగబా నాలుగు తినేసింది. హాసిని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అవ్వ తిన్యాదా?"

"అవ్వ పెద్దది. నువ్వు తిను."

"అవ్వ తింటేనే తింటా."

ఎంత బతిమిలాడినా వినలేదు. చివరికి, పాలు కూడా నీళ్ళ కిందికే వస్తాయని మీ తాత చెప్పాడని అబద్ధమాడి ఒక గ్లాసు తాగించాను. మా మామ పైనుంచి విని ఉంటే సర్దుకోవాలి.

బళ్ళారి: తప్పిపోయిన దోసెలు

బోర్డుల మీద అక్షరాలు కన్నడంలోకి మారితే తప్ప ఇంకో రాష్ట్రంలోకి వచ్చామని తెలీదు. అవే బండల కొండలు, అవే మిరప కళ్ళాలు, అదే ఉగ్గాని. కాకపోతే దాన్ని వీళ్ళు ఒగ్గరణె అంటారు. పూలు ఇక్కడా మోచేతితోనే కొలుస్తారు. మూర మనకు ఇరవై, ఇక్కడ ముప్పై. కొబ్బరికాయ పది రూపాయలు ఎక్కువ. అది విని మా అత్త ఎంత సంబరపడిందో. "మనూర్లో తెచ్చుకున్నేది ఎంత మేలాయ సూడు," అని నాలుగుసార్లు అంది.

దారి తప్పి ఒక ఇంటి ముందు ఆగాం. అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయనను మా ఆయన చేతులూపుతూ, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. గట్టిగా అరిస్తే తెలుగు కన్నడమవుతుందని ఆయన నమ్మకం.

పెద్దాయన పేపరు మడిచాడు. "ఎందుకప్పా అట్ల అరుస్తావు? మాదీ ఆదోనే. పత్తి మార్కెట్ ఎనకాల సందు. యాడికి పోతాండారు?"

"దరోజికి. ఎలుగొడ్లు చూసేకి."

"ఇంత పొద్దున్నేనా? అవి గూడ నిద్ర లేసుండవు గదప్పా."

మా ఆయన హాస్యమనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించి ఉంటే ఈ రచనలో సగం ఉండేది కాదు.

"సరే, ఊరోళ్ళు. దిగండి, టిఫిన్ జేసి పోదురు. మా ఆమె దోసెలు పోస్తాంది," అన్నాడాయన. చుయ్యిమని చప్పుడు ఇంట్లోంచి నిజంగానే వినబడుతోంది. మహబూబన్న అప్పటికే తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు.

"ఒక్కపొద్దప్పా. దర్శనమైనాకే," అంది మా అత్త.

ఆయన చేతులు జోడించాడు. "ఏ దేవునికమ్మా?"

"జాంబవంతునికి."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ముప్పై ఏండ్లాయ నేను ఈ ఊరికొచ్చి. ఆ గుడి యాడుందో నాకే తెలీదు తల్లీ," అన్నాడు సిగ్గుపడుతూ. మహబూబన్న కాలు లోపలికి తీసుకున్నాడు.

దరోజి: మూసిన గేటు

తొమ్మిదిన్నరకు చేరాం. గేటుకు తాళం. కుర్చీలో కూర్చుని ఒక గార్డు పళ్ళు తోముకుంటున్నాడు.

"మధ్యాహ్నం తీస్తాం సార్," అన్నాడు. బళ్ళారి పక్కల తెలుగు, ఒత్తులన్నీ కన్నడంవి, ఎలుగుబంటిని కరడి అంటాడు.

"రోజూ వస్తాయంటిరి?" అన్నాడు మా ఆయన, ఆ గార్డే మాటిచ్చినట్టు.

"వస్తాయి సార్. పొద్దు వంగినాక. ఇప్పుడు గుహల్లో పండుకోనుంటాయి."

అందరం మా ఆయనను చూశాం. మా ఆయన ఫోను చూశాడు.

వేపచెట్టు కింద చాప పరిచాం. మధ్యలో అన్నం సంచులు. చుట్టూ ఆరుగురం, శవానికి కాపలా ఉన్నట్టు కూర్చున్నాం. పదకొండుకు నేనింక ఆగలేకపోయాను.

"అత్తా, అవి వచ్చేది సాయంత్రం. అంతసేపు పసిపిల్ల ఎట్ల ఉంటాది?"

"మీరు తినండమ్మా. పాపకు పెట్టు. నేనేమన్నా చెయ్యి పట్టుకుంటినా?"

హాసిని వాళ్ళవ్వ ఒళ్ళోంచి, "అవ్వ తింటేనే," అంది. ఇద్దరూ ఒకటే రక్తం. నాకు ఒళ్ళు మండి లేచిపోయి గేటు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాను. తిరిగితే ఆకలి ఎక్కువైంది.

మధ్యాహ్నం గేటు తీశారు. గార్డు మా సంచులు వెతికి కర్పూరం, అగ్గిపెట్టె, అగరొత్తులు, రెండు కొబ్బరికాయలు బయటికి తీశాడు.

"ఇవన్నీ దేనికమ్మా?"

"దర్శనానికప్పా. కాయ గొట్టి, హారతి ఇయ్యల్ల."

"అడవమ్మా ఇది. నిప్పు లోపలికి పోకూడదు."

"హారతి లేకుండా దర్శనమా? పోనీ నువ్వే ఇయ్యప్పా. రోజూ నువ్వే గదా సేవ జేసేది. ఎన్నేండ్లాయ?"

"పద్ధెనిమిది ఏండ్లాయమ్మా," అన్నాడు గార్డు. ఆమె వంగి అతని కాళ్ళకు దండం పెట్టబోయింది. అతను ఎగిరి పక్కకు దూకాడు. పద్ధెనిమిదేళ్ళలో ఎలుగుబంటికి కూడా అట్లా భయపడి ఉండడు.

అంతలో ఇద్దరు పనివాళ్ళు బకెట్టు మోసుకుని మా పక్కనుంచి పోయారు. బెల్లం, తేనె కలిపిన ముద్ద, బండల మీద పూయడానికి. మా ఆరుగురి తలలూ ఆ బకెట్టుతో పాటే తిరిగాయి.

"దానికి బెల్లం, మాకు రోజా," అన్నాడు మహబూబన్న. "మళ్ళా పుడితే ఈడ పుట్టల్ల."

వాచ్ టవర్ మీద

మెట్లెక్కి పైకి పోయాక కాసేపు ఆకలి మరిచాను, నిజం చెప్పాలి. రెండు బండల కొండలు ఎదురెదురుగా, మధ్యలో లోయ. ఎవరో ఒక్కొక్కటే ఎత్తి పేర్చినట్టు ఏనుగంతేసి గుండ్లు. వాటి సందుల్లో ఎండిన గడ్డి, అక్కడక్కడా పచ్చటి పొదలు. మన ఆదోని కొండలూ బండలే, కానీ వాటి కింద ఇళ్ళు, పైన సెల్ టవర్లు. ఇక్కడ గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత గార్డు వేలు చూపించాడు, "అదిగోండి, ఆ బండ మీదికి వస్తాయి." ఆ బండ లోయకు అవతల ఉంది. ఇటునుంచి చూస్తే దాని మీద పాకుతున్న పనివాళ్ళు చీమల్లా ఉన్నారు.

నాకు అప్పుడు తట్టింది. చేతికి అందే దూరంలో ఉన్న గ్యాసు మనిషిని గుర్తుపట్టలేని మనిషికి, లోయకు అవతల నల్ల బండల మధ్య నల్ల ఎలుగుబంటి ఎట్లా కనబడుతుంది? కనబడకపోతే ఆపరేషన్ లేదు. ఏడాది బతిమిలాటంతా గంగలో కలిసినట్టే. మా ఆయన వైపు చూశాను. ఆయనకూ తట్టింది. తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. నాకు కోపం రావాల్సింది, జాలేసింది.

పైన మాతో పాటు బళ్ళారి కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి ఒకామె ఉంది, మెడలో బైనాక్యులర్. ఎవరూ మాట్లాడకూడదని గార్డు వేలు పెదవి మీద పెట్టాడు. అంతటి నిశ్శబ్దంలో గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. ఆ అమ్మాయి అదిరిపడి, "ఎక్కడ? ఎటువైపు?" అంది.

గార్డు నిదానంగా, "కరడి కాదు మేడం. సార్ కడుపు," అన్నాడు.

నీడలు సాగాయి. లోయలో ఏదో కదిలింది.

"అదేనా?" అంది మా అత్త, మేం ఊపిరి బిగబట్టడం విని.

"నెమలి అవ్వా," అంది స్ఫూర్తి.

ఇంకాసేపటికి, "అదేనా?"

"అడివిపంది అంట మా," అన్నాడు మా ఆయన.

"ఇదేనా?"

"అది మహబూబన్న, అత్తా. నీ ముందర నిలబడినాడు."

అప్పుడు వచ్చింది. ముందు ఒక బండే కదిలిందనుకున్నాను. తర్వాత ఆ బండకు కాళ్ళు వచ్చాయి. ఒళ్ళంతా చింపిరి జుట్టు, పాదాలు లోపలికి తిప్పుకుని, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు ఊగుతూ దిగింది. గార్డు గుసగుసగా చెప్పసాగాడు: "తల్లి కరడి. వీపు మీద చూడండి, రెండు పిల్లలు. కుడిపక్క బండ నాకుతాంది. ఇప్పుడు కూసునింది."

నిజంగానే వీపు మీద రెండు నల్లటి ముద్దలు జుట్టు పట్టుకుని వేలాడుతున్నాయి. నేను నలభై ఏళ్ళ దాన్ని, చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. హాసినికి పాండా బాధంతా పోయింది. "అవ్వా, బిడ్డల్ని ఎత్తుకోనొచ్చింది సూడు!"

అందరం అత్త వైపు తిరిగాం. ఆమె ఆకాశం వైపు చూస్తోంది.

మా ఆయన ఆమె తలను రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. "అదిగో మా, ఆ పెద్ద బండ పక్కన."

"అన్నీ పెద్దవే గదరా."

కాలేజీ అమ్మాయి తన బైనాక్యులర్ మా అత్త కళ్ళకు పెట్టి చక్రం తిప్పింది. "ఏం కనబడుతోందమ్మా?"

"పాలు పోసినట్లుండాది."

ఎడమ కంటికి పెట్టారు, కుడి కంటికి పెట్టారు. కొంగుతో అద్దం తుడిచారు, కళ్ళూ తుడిచారు. పాలే. ఇంకో ఎలుగుబంటి వచ్చింది, బెల్లం తగ్గిపోయింది, ఎండ పసుపుపచ్చగా మారింది. మా ఆయన "మా, బాగ చూడు మా. ఒక్కసారి చూడు," అని పసిపిల్లాడిలా అడుగుతున్నాడు. ఇంకాసేపట్లో పైకి ఎక్కిపోతాయని గార్డు మెల్లగా చెప్పాడు.

అప్పుడే హాసిని నేల మీద కూలబడింది. కడుపు పట్టుకుని, చప్పుడు చేయకూడదు కాబట్టి చప్పుడు లేకుండా ఏడుస్తోంది. స్ఫూర్తి చెవిలో, "రా, కిందికి పోయి తిందువు," అంది.

"అవ్వ ఇంకా సూడలేదు గదా," అంది హాసిని.

మా అత్త వంగి హాసిని తల తడిమింది. తర్వాత ఒక్కసారిగా రెండు చేతులూ ఎత్తి జోడించింది.

"ఆఁ! అదిగో! కనబడె! నల్లగ, ఇంత లావు. కుడిపక్క బండ నాకుతాంది. వీపు మీద బిడ్డలు రెండు. తండ్రీ జాంబవంతుడా!"

మహబూబన్న యా అల్లా అన్నాడు. కాలేజీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మా ఆయన వాళ్ళమ్మను గట్టిగా వాటేసుకున్నాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. చప్పుడు చేయొద్దని గార్డు చెప్తూనే ఉన్నాడు గానీ అతని మొహమూ వెలిగింది. ఎలుగుబంటి మాత్రం తల కూడా ఎత్తలేదు.

వేపచెట్టు కింద

తర్వాత మేం తిన్న తిండి గురించి వివరంగా రాస్తే బాగుండదు. మా అత్త మొదటి ముద్ద హాసిని నోట్లో పెట్టింది, రెండోది తన నోట్లో. అంతే, ఆరు చేతులూ సంచుల్లోకి పోయాయి. కాలేజీ అమ్మాయిని లాక్కొచ్చి కూర్చోబెట్టాం. వాళ్ళు ఓళిగ మీద పాలు పోసుకుంటారట, మేం నెయ్యి. గార్డు ఒక రొట్టె, గురెళ్ళ పొడి తీసుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. "కరడి గూడ ఇట్ల తినదమ్మా," అన్నాడు చివరికి. కొబ్బరికాయలు తిరిగిచ్చేశాడు. గేటు బయట రాయి మీద మహబూబన్న కొట్టాడు.

మా ఆయన నూనె చేత్తోనే ఫోను తీశాడు. "మా, మామకు చేద్దాం. నువ్వే చెప్పు, చూస్తినని. అరవై ఏళ్ళు ఎగతాళి చేసినాడు గదా."

"ఇప్పుడొద్దులే నాయనా. ఆయప్ప పండుకోనుంటాడు."

సాయంత్రం ఐదున్నర. పండుకునే వేళేనా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నా చేతిలో మూడో రొట్టె ఉంది.

హాళహర్వి దాటాక

తిరుగు దారిలో పొద్దు గుంకింది. ముందు సీట్లలో మగాళ్ళిద్దరూ ఇప్పుడు నిజంగానే టైరు గురించి మాట్లాడుకుంటున్నారు. వెనక సీట్లో స్ఫూర్తి నా ఒళ్ళో, హాసిని వాళ్ళవ్వ ఒళ్ళో నిద్రపోయారు. హాళహర్వి దాటాక మా అత్త నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"సరస్వతీ."

"ఏం అత్తా?"

"కనబళ్ళేదు మే."

"ఏం కనబళ్ళేదు?"

"ఎలుగొడ్డు. అంతా తెల్లగ ఉండె. ఆ గార్డప్ప సెప్తాంటే ఇని, అదే సెప్తి."

నాకు ముందు కోపమే వచ్చింది. పొద్దున్నుంచి పడ్డ ఆకలి, ఉగ్గాని, దోసెలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మరి ఎందుకట్ల చెప్తివి?"

"పాప ఆకలికి ఏడుస్తాంటే ఏం జేయల్ల? నేను తినంది అది తినదు. నేను సూడంది తినకూడదు. ఇంగ సూడక తప్పలేదు." హాసిని నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. "ఆ తల్లి ఎలుగొడ్డు గూడ బిడ్డల్ని మోసుకోనే వొచ్చినాదంట గదా. తప్పనుకోదులే. వానికి మాత్రం సెప్పాకు, బాధపడ్తాడు."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆ వేళ్ళను గట్టిగా పట్టుకున్నాను. ఆ చేతిని నేను అంతకు ముందెప్పుడూ అట్లా పట్టుకోలేదు. కానీ షరతు షరతే, చూడలేదు కాబట్టి ఆపరేషన్ కూడా లేదు. అడగకుండా ఉండలేకపోయాను.

"అయితే ఆపరేషన్ ఇంక లేనట్టేనా అత్తా?"

ఆమె నా చెయ్యి విదిలించింది.

"ఏందిమే, నువ్వు టీచరు పని ఎట్ల జేస్తాండావు? ఈ కండ్లేసుకోని మళ్ళా ఆడికి పోయి ఏం సూడల్ల? రేపు సోమారమే డాకటరు కాడికి పిల్సకపో. కండ్లు బాగైనాక ఇంకోపారి పోదాం. మా యన్నను గూడ పిల్సకపోదాం."

కారు గుంతలో పడి లేచింది. మా అత్త ముందు సీటు వైపు ఒకసారి చెవి పెట్టి విని, నా దగ్గరికి వంగి గొంతు తగ్గించింది.

"ఈసారి మాత్రం ఇంత తినే పోదాంలే."